అద్దంలో అరికాలు

మా అత్తగారి వాడలో కొత్త కోడళ్లందరికీ ఏదో ఒక పేరు పడేది. ఒకామెకు గొంతు పెద్దదని, ఇంకొకామెకు నడకలో వేగం ఎక్కువని. నాకు మాత్రం అద్దం పిచ్చిదని పడింది. రోజూ పొద్దున్నే, వాకిట్లో చల్లిన సానుపు నీళ్లు ఆరకముందే, పెళ్లినాడు పుట్టింటివాళ్లు పెట్టిన అద్దాన్ని కొంగుతో తుడుచుకుంటూ నేను అరుగు మీద కూర్చోవడం ఎదురింటి వాళ్లకు కనిపించేది. వంగి వంగి ఆ అద్దంలోకి చూసేదాన్ని. మబ్బు పట్టిన రోజైతే దీపం కూడా దగ్గర పెట్టుకునేదాన్ని. "పాలమూరు పిల్లకు సోకులెక్కువ" అని నీళ్ల బాయి దగ్గర అనుకునేవాళ్లట. అనుకోనీ. నేను చూసిందల్లా మా మామ అరికాళ్లు.

మాది పాలమూరు జిల్లాలో కల్వకుర్తి పక్కన చిన్న ఊరు. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో నన్ను తిరుమలగిరి దగ్గరి ఒక సాలెవాడకు ఇచ్చారు. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మామ, రెండోదాని మీద నా పెనిమిటి. అత్తకు అప్పటికే కళ్లు మసకబారాయి. అయినా నూలు కండెలు చుట్టడంలో ఆమెను మించినవాళ్లు వాడలో లేరు. కళ్లు చేసే పనంతా వేళ్లకు అప్పజెప్పేసింది. నాకు వంట, రాట్నం, ఇంటి చాకిరీ.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కోడలు మామతో ఎదురుగా మాట్లాడకూడదు. మామ చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్నా నేను అత్త వైపు తిరిగి "అత్తా, మామను బువ్వకు లెమ్మను" అనాలి. మామ కూడా అత్త వైపు తిరిగి "వస్తున్న అని చెప్పు" అనేవాడు. మధ్యలో అత్తకు విసుగొచ్చేది. "మీ ఇద్దరికి చెవులున్నయి, నోళ్లున్నయి. నడుమ నేనేమన్న టపా మనిషినా?" అనేది. నాకు నోరు కాస్త ఎక్కువే కాబట్టి ఆ కట్టుబాటు నాకు చెప్పు కింద రాయిలాగే ఉండేది. అయినా మొదట్లో ఓర్చుకున్నాను.

ఇక మా మామ కాళ్ల సంగతి. మగ్గం అంటే చేతుల పని అనుకుంటారు చూసేవాళ్లు. నేత సగం కాళ్లలోనే ఉంది. మనిషి మగ్గం కింద తవ్విన గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించుతాడు. కింద రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే నిలువు పోగుల పడుగు ఒక తీరుగా విచ్చుకుంటుంది, అడ్డపోగు మోసే నాడె ఆ సందులో దూరుతుంది. రెండోది తొక్కితే మళ్లీ తిరగబడుతుంది. కాలు తప్పితే బట్ట తప్పినట్టే. పైగా ఆ గుంటలోకి చెప్పులతో దిగకూడదు. అది దేవుడు ఉండే జాగా. దిగేముందు చేత్తో తాకి కళ్లకద్దుకుని దిగుతారు. నూలు ఎండితే తెగుతుందని గుంటలో నేల ఎప్పుడూ తడిగానే ఉంచుతారు. అలాంటి తడిలో, వట్టి కాళ్లతో, మా మామ పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, తండ్రి అయ్యాడు.

ఆ కాళ్లంటే ఆయనకు గర్వం. అంగడికి పోయి వస్తే అరికాలి నిండా పల్లేరుకాయలు ఉండేవి. ఎవరైనా చూపిస్తే తప్ప వాటి సంగతి ఆయనకు పట్టదు. తీసి పారేసి, "చిన్నప్పటి సంది తొక్కుడు చెక్కలు తొక్కిన కాళ్లు గివి. ఇనుపకాళ్లయినయి. ముల్లు గుచ్చితే ముల్లే ఇరగాలె" అనేవాడు. వాడలో మగవాళ్లు తలలు ఊపేవాళ్లు. ఆనెకాయలు లేస్తే దారం కోసే కత్తితోనే చెక్కేసుకునేవాడు, గోరు తీసుకున్నంత తేలిగ్గా. నేను కూడా మొదట్లో, అబ్బ, మా మామ ఎంత గట్టి మనిషి అని మురిసిపోయాను. పుట్టింటికి పోయినప్పుడు గొప్పగా చెప్పాను కూడా.

ఆయన అన్న ఒకాయన హుజూర్‌నగర్‌లో ఉండేవాడట. నేను కాపురానికి రాకముందే పోయాడు. ఆయనకూ ఇలాంటి ఇనుపకాళ్లే. ఒకసారి చిన్న పుండు లేచింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాడు. పుండు నల్లబడ్డాక పట్నం తీసుకుపోతే మోకాలి కింద కాలు తీసేశారు. మగ్గం అమ్ముకుని కొంతకాలం కట్టె పట్టుకుని తిరిగి, ఆ తర్వాత పోయాడు. ఇదంతా అత్త చెప్పిందే. మామ ఆ అన్న మాట ఎత్తేవాడు కాదు. ఎవరైనా ఎత్తితే లేచి మగ్గం దగ్గరికి పోయేవాడు.

ఒకరోజు దొడ్డి ఊడుస్తుంటే మామ పొద్దున్నే ఒంటికి పోయే మూల నిండా చీమలు. మరునాడూ అంతే. నేను నవ్వుకుంటూ అత్తతో చెప్పాను. అత్త నవ్వలేదు. కండె కింద పెట్టేసింది.

"మా బావకు సుత గిట్లనే చీమలు పట్టినయి" అన్నది.

అప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే అన్నీ కలిశాయి. రాత్రిపూట చెంబులకు చెంబులు నీళ్లు తాగడం, ఊరికే నీరసపడడం, పంచె వదులవడం. తాలూకా దవాఖానకు తీసుకుపోదామంటే మామ ససేమిరా అన్నాడు. చివరికి అత్త అన్నం మానేస్తానంటే బయలుదేరాడు. "నాకు కళ్లు కానరావు. నీకు నాలుగు అక్షరాలొచ్చు. డాక్టరు ఏం చెప్పినా చెవుల వెట్టుకొని రా పో" అని అత్త నన్ను కూడా తోలింది. తండ్రీ కొడుకులు ముందు, కొంగు కప్పుకుని నేను వెనక.

డాక్టరు కోస్తా వైపు నుంచి వచ్చిన పడుచువాడు. మూత్రాన్ని ఏదో నీలం మందులో కలిపి దీపం మీద కాచాడు. నీలం కాస్తా ఆకుపచ్చయి, పసుపయి, ఇటుక రంగుకు తిరిగింది. రంగులు తెలిసిన ఇంటివాళ్లం కదా, ముగ్గురం నోళ్లు తెరుచుకుని చూశాం. "మధుమేహం ఉందండీ. తీపి మానెయ్యాలి. గోలీలు వేసుకోవాలి. కాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలండీ" అన్నాడు. మామకు ఆ చెప్పినవాటిలో ఒక్కటే నచ్చింది. "నన్ను అండీ అన్నడు. మస్తు మంచోడు" అని దారి పొడుగునా చెప్పుకున్నాడు. గోలీలు వేసుకున్నాడు. బెల్లం మాత్రం దొంగచాటుగా నమిలేవాడు. కానీ అత్త ఉట్టి మీది బెల్లం ముద్దను రోజూ తడిమి చూసేది. ఒక మూల అరిగినా ఆమె వేళ్లకు తెలిసిపోయేది. ఇక కాళ్ల మాటంటారా, ఇనుపకాళ్లకు జాగ్రత్తేమిటి?

కొన్ని నెలలు గడిచాయి. ఒక అంగడినాడు మామ తిరుమలగిరి పోయి నూలు తెచ్చుకున్నాడు. కొత్తగా అట్ట వేయించిన తోలుచెప్పులు తొడుక్కుని పోయాడు. తిరిగొచ్చి, చెప్పులు బయట విప్పి, కాళ్లు కడుక్కోకుండానే నేరుగా లోపలికి నడిచాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అప్పుడే అలికిన నేల మీద గడప నుంచి మగ్గం దాకా ఎర్రటి అచ్చులు. మా ఇంట్లో ఎరుపు కొత్తేమీ కాదు. నూలుకు రంగు అద్దే గాబు దొడ్లోనే ఉంది. తొక్కి వచ్చేశాడని నాకు ఒళ్లు మండింది.

"అత్తా, మామ రంగు తొక్కొచ్చిండు చూడు. ఇల్లంత ఆగమాగం చేసిండు. పొద్దుగాల నా నడుము ఇరిగింది అలుకుతుంటె" అన్నాను.

"రంగేడిది?" అన్నాడు మామ మగ్గం దగ్గరి నుంచి. "ఇయ్యాల రంగు కలపనే లేదని చెప్పు."

అత్త వంగి, ఒక అచ్చు మీద వేలు పెట్టి, ముక్కు దగ్గరికి తీసుకుంది. నా పెనిమిటి పోయి చెప్పు తిప్పి చూశాడు. అట్టలోంచి ఒక మేకు లేచి నిలబడి ఉంది. తిరుమలగిరి నుంచి ఇంటిదాకా ఆ మేకు ఆయన అరికాల్లో దిగుతూ, లేస్తూ వచ్చింది. మామకు తెలియదు. "నొస్తలేదు. ఏం గాలె" అన్నాడు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఎప్పటి గర్వం లేదు.

ఈసారి డాక్టరు అండీ అంటూనే గట్టిగా తిట్టాడు. "నొప్పి తెలియకపోవడం బలం కాదండీ, అదే జబ్బు. ముల్లు గుచ్చుకుంటే మాకు నొప్పి చెబుతుంది, మీకు చెప్పేవాడు లేడు. కాబట్టి రోజూ ఎవరో ఒకరు మీ అరికాళ్లు చూడాలి. వేళ్ల సందులు కూడా చూడాలి. కడిగాక సందుల్లో తడి లేకుండా పొడిబట్టతో అద్దాలి. ఆనెలు కత్తితో చెక్కకూడదు. వట్టికాళ్లతో నడవకూడదు. చెప్పు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి. వేడినీళ్లలో, నిప్పు దగ్గర కాళ్లు పెట్టకూడదు, కాలినా మీకు తెలియదు" అన్నాడు. నేను ఆ మాటలన్నీ గొణుక్కుంటూ, ఒకటి కూడా పోకుండా ఇంటికి మోసుకొచ్చాను.

పుండు మానింది. కానీ రోజూ అరికాళ్లు ఎవరు చూడాలి? అసలు లొల్లి అక్కడ మొదలైంది.

అత్తకు కళ్లు కనబడవు. కొడుకు ఉన్నాడు కదా అంటారేమో. నా పెనిమిటి, గదికి ఈ చివర కూర్చుని ఆ చివర తెగిన పోగును పట్టగలడు గానీ నెత్తురు, పుండు అంటే కళ్లు తిరిగే మనిషి. తండ్రి కాలు పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, "బాగనే ఉన్నది బాపూ" అనేవాడు. రెండు రోజులు చూసి ఆ చూపు ఎందుకూ పనికిరాదని తేల్చేశాను. మామ తనే చూసుకుందామంటే మగ్గం మీద గట్టిపడిన నడుము వంగదు. ఇక మిగిలింది నేను.

"కోడలి మొకానికి అరికాలు చూపుడా!" అన్నాడు మామ. "ఇంటి లచ్చిమి ఆమె. కాలు తగిలితేనే కండ్లకద్దుకుంటం. నేను చస్త గాని చూపియ్యనని చెప్పు."

నేను కాదనలేకపోయాను. మా పుట్టింట్లో అయినా అంతే. పెద్దలు చిన్నవాళ్ల వైపు, అందులోనూ ఇంటి ఆడపిల్ల వైపు కాళ్లు చాపరు. అయితే కాలు పోయినా పర్వాలేదా? నాలుగు రోజులు ఇంట్లో ఇదే రభస. చివరికి అత్త ఒక ఉపాయం చెప్పింది. అద్దం నేల మీద పెట్టుకుని, దాని పైన కాలు ఎత్తి పట్టుకుని ఆయనే చూసుకోవాలని. నా పెళ్లి అద్దం తెచ్చి పెట్టాను. మామ మోకాలు పట్టుకుని, పాదం గాల్లోకి ఎత్తి, కోడి కన్ను పెట్టి చూసినట్టు ఈ పక్క నుంచి ఆ పక్క నుంచి చూశాడు.

"అద్దంల పొగ తప్ప ఏం కనవడ్తలేదు" అన్నాడు. ఏళ్ల తరబడి నేసి నేసి ఆయన చూపు కూడా తగ్గిందని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. నేను నిలబడినచోటి నుంచి అద్దంలో పాదం నిండుగా కనిపిస్తోంది, మడమ దగ్గర పగులుతో సహా. నాకు ఆగబుద్ధి కాలేదు.

"అత్తా, మామను కాలు గట్లనే పట్టుమను. నేను కాలు చూడ. నా అద్దం నేను చూసుకుంట. మా బాపు పెట్టిన అద్దం. నా అద్దం నేను చూసుకుంటే ఎవరికి పాపం?"

మామ కాలు దించలేదు. తర్వాత గోడవైపు చూస్తూ, "అద్దం చూసుకుంటె పాపమేముంటది" అన్నాడు.

అలా మొదలైంది. పొద్దున్నే మామ కాళ్లు కడుక్కుని వచ్చి అరుగు లోపలి వైపు కూర్చునేవాడు. నేను ఆయనకు వీపు సగం తిప్పి, అద్దం మీదికి వంగేదాన్ని. వీధిలోంచి చూసేవాళ్లకు నేనూ నా అద్దమే కనబడేవి, స్తంభం చాటున మామ కనబడేవాడు కాదు. ముందు కుడి, తర్వాత ఎడమ, తర్వాత ఆయన వేళ్లు ఒక్కొక్కటి విడదీసి పడుతుంటే వాటి సందులు. నేను చూడడం అయ్యాక అత్త వంతు. ఆమె చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపును అరికాలి మీద పెట్టేది. ఎక్కడైనా తక్కినచోటి కంటే వెచ్చగా ఉంటే ఆమెకు తెలిసిపోయేది. ఒకసారి నాకు ఏమీ కనబడనిచోట "గీడ వేడున్నది" అన్నది. రెండ్రోజుల్లో అక్కడ ఎర్రటి మచ్చ తేలింది. చెప్పు వారు, అదే తోలు పట్టీ, ఆ అంచున ఒరుస్తోంది. వారు మార్పించాం.

గుంటలో వట్టికాళ్ల సంగతి ఒకటి మిగిలింది. తోలుచెప్పులు గుంటలోకి రావు, అంతే. దానిమీద మామతో వాదించడం దండగ. నేనే ఒకరోజు అత్తతో అన్నాను. "తోలు వద్దు సరే. నూలుకేమైంది? ఆయన నేసిన బట్టకు సుత మైలుంటదా?" మామకు ఆ మాట నచ్చింది. నచ్చినట్టు చెప్పలేదు గానీ మరునాడే ముతక నూలుతో జంపఖానా లాంటి దళసరి గుడ్డ ఒకటి నేశాడు. దాన్ని వీధి చివర దర్జీ సాయబు దగ్గరికి పంపాం. ఆయన మామకు చిన్ననాటి దోస్తు. "అరె భాయ్, గిది మనిషికి కుట్టాల్నా, గుర్రానికి కుట్టాల్నా?" అని నవ్వి, మూడు పొరలు వేసి, లోపల కుట్టు తగలకుండా బయటికి తిప్పి, మేజోడు లాంటి బూట్లు కుట్టిచ్చాడు. తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత. మొదటిరోజు మామ చెక్క మీద కాలు నిలవక జారి, పోగులు తెంపి, సాయబును, నన్ను, డాక్టరును కలిపి తిట్టాడు.

"తొక్కుతుంటె చెక్క తెలుస్తలేదని చెప్పు" అన్నాడు.

"గవి లేనప్పుడు సుత తెలుస్తలేదు గద అత్తా" అన్నాను.

అత్త కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. మామ మళ్లీ ఆ మాట అనలేదు. నెల తిరిగేసరికి తనకు తోచిందే చేసినట్టు, వాడలో వచ్చినవాళ్లందరికీ ఆ బూట్లు ఎత్తి చూపించేవాడు.

అన్నీ కుదిరాయనుకుంటే పుష్యమాసం వచ్చింది. ఆ ఏడు చలి ఎక్కువ. ఒకరోజంతా మామ మగ్గం మీద పోగులు తెగుతూనే ఉన్నాయి. అతకడం, మళ్లీ తెగడం. గంజి సరిగ్గా పెట్టలేదని మామ మమ్మల్ని తిట్టాడు. పక్క మగ్గం మీద అదే గంజి పెట్టిన పడుగు శుభ్రంగా నడుస్తోంది. నాకు అనుమానం రాలేదు.

మరునాడు పొద్దున అద్దంలో కుడి బొటనవేలి పక్కన తెల్లటి బొబ్బ కనిపించింది, రేగుపండంత. అత్త చెయ్యి పెట్టకుండానే, "కాలిన వాసనొస్తున్నది" అన్నది. నేను లేచి పోయి గుంటలోకి చూశాను. ఒక మూలన మట్టికుండ పెంకు, అందులో బూడిద. చలికి మోకాళ్లు పట్టేస్తున్నాయని ఎవరికీ తెలియకుండా నిప్పులు తెచ్చి పెట్టుకున్నాడు. గుడ్డబూట్లు మాడిపోతాయని విప్పి పక్కన పెట్టి మరీ పెట్టుకున్నాడు. నేల తడి ఆరింది, పోగులు తెగాయి. వేలు కాలింది, ఆయనకు తెలియలేదు.

నూలు ఇంట్లో నిప్పు! మగ్గం పుట్టిన నాటి నుంచి సాలెవాడు చేయని పని. నాకు కోపం నషాళానికి ఎక్కింది. అత్త వైపు తిరగడం మరిచిపోయాను. కొంగు జారిన సంగతి కూడా మరిచిపోయాను.

"మామా! నువ్వేమన్న పసిపిలగానివా? డాక్టరు ఎన్నిసార్లు చెప్పిండు? నేను రోజూ వంగి వంగి ఎవరి కోసం చూస్తున్న? నీ కాలు నీకు అక్కరలేకపోతే నాకెందుకు?"

నా పెనిమిటి నాడె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అత్త మాత్రం, "పిల్లా, కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం" అన్నది.

"జారిన కాలైతే తీసుకుంటం అత్తా. కోసిన కాలు యాడికెల్లి తెస్తం?" అన్నాను.

మామ కోప్పడతాడనుకున్నాను. పుట్టింటికి పంపించినా పంపిస్తాడనుకున్నాను. ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని, ఎత్తిన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, మొదటిసారి నాతోనే మాట్లాడాడు.

"మా అన్న పోయినప్పుడు నేనే కూసున్న బిడ్డా కాళ్ల దగ్గర. పీనుగుకు రెండు బొటనవేళ్లు కలిపి కడ్తం గద. నా చేతికి దారమిచ్చిండ్రు. ఒక్కటే వేలుండె. దారం పట్టుకొని ఎంతసేపు కూసున్ననో నాకే తెల్వదు. పుట్టినకాంచి పోగులు అతికి బతికినోన్ని. మా అన్నకు రెండు వేళ్లు కలిపి ముడి వెయ్యలేకపోయిన." కాలిన వేలిని ఒకసారి తడుముకున్నాడు. "నాకు సావంటె ఫికర్ లేదు. పోయేటప్పుడు రెండు కాళ్లతోని పోవాలె. గంతే."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఏడుస్తూనే బండి కట్టమని నా పెనిమిటిని తిట్టాను.

డాక్టరు బొబ్బ చూసి పెదవి విరిచాడు. నల్లబడితే వేలు దక్కదన్నాడు. దాన్ని చిదమొద్దు, కట్టు తడవనివ్వొద్దు, కాలు కింద పెట్టొద్దు, మగ్గం ఎక్కొద్దు అన్నాడు. మామను మంచం మీద కూర్చోబెట్టడం కంటే పడుగును ఎలుకల నుంచి కాపాడడం తేలిక. కాలు కాలిన పిల్లి అని ఊరికే అనలేదు పెద్దలు. మా ఇంట్లో నిజంగానే కాలు కాలిన పిల్లి ఒకటి మంచం మీద నుంచి అందరి పనికీ వంకలు పెట్టేది. దర్జీ సాయబు సాయంత్రాలు వచ్చి కూర్చుని కాలక్షేపం చేసేవాడు. నేను రోజూ కట్టు విప్పి, అద్దంలో చూసి, మళ్లీ కట్టేదాన్ని. మొదటివారం చూడాలంటేనే భయమేసేది. అంచు ఎర్రగా ఉంటే ఒక భయం, తెల్లగా ఉంటే ఇంకో భయం. నల్లరంగు కోసం వెతికి, అది లేదని తేలాక ఊపిరి పీల్చుకునేదాన్ని.

"ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగేవాడు మామ. ఇప్పుడు నడుమ టపా మనిషి లేదు.

"ఏం లేదు మామా" అనేదాన్ని.

వేలు నిలిచింది. గోరు ఊడి వంకరగా మళ్లీ వచ్చింది. మామ మళ్లీ గుంటలోకి దిగిన రోజు అత్త బెల్లం లేని పాయసం చేసింది. అది ఎలా ఉందో నేను చెప్పను. మామ మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మారిన తీరు చూడాలి. పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా తన ఈడు సాలెవాళ్లను పట్టుకుని కాళ్లు చూపించమనేవాడు. ఎవరైనా "ముల్లు గుచ్చినా తెల్వది నాకు" అని గొప్పలు పోతే, "గదేరా రోగం, పిచ్చోడా! దవాఖానకు పో" అని అందరిముందు తిట్టేవాడు. చెప్పులు తొడిగేముందు దులిపి, లోపల చెయ్యి తిప్పి చూడనిదే అడుగు బయట పెట్టేవాడు కాదు. భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ల చెప్పులు కూడా చూసి మేకులు కొట్టేవాడని నా పెనిమిటి తలకొట్టుకునేవాడు. వాడలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పొద్దున్నే అద్దాలు పెట్టుకుని అరుగుల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. అప్పటికి నా సోకుల మాట ఆగిపోయింది.

అలా చాలా ఏళ్లు నడిచింది. పొద్దున్నే "ఏమన్న ఉన్నదా బిడ్డా?", "ఏం లేదు మామా, సాఫ్", "అయితే నడువు, పడుగు సంగతి చూద్దాం." నాకు పిల్లలు పుట్టారు. ఒక చేత్తో చంటిబిడ్డను పట్టుకుని ఇంకో చేత్తో అద్దం పట్టుకున్న రోజులున్నాయి. నాకు జ్వరమొస్తే నా పెద్దకూతురు చూసి చెప్పేది. మామతో పోట్లాటలూ ఆగలేదు. నా నోరు నాదే, ఆయన మొండితనం ఆయనదే.

ఒక వానాకాలం మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, మగ్గం పక్కన చాప మీద ఒరిగినవాడు ఒరిగినట్టే పోయాడు. నేయడం సగంలో ఉంది. గుడ్డబూట్లు గుంట అంచున పెట్టుకున్నాడు.

చుట్టాలొచ్చారు. దర్జీ సాయబు వచ్చి అరుగు మీద కూర్చుండిపోయాడు. స్నానం చేయించి పడుకోబెట్టాక, వేళ్లు కట్టడానికి దారం కావాలని పెద్దమనిషి ఒకాయన అడిగాడు. ఇల్లంతా నూలే, అయినా ఎవరికీ చేయి ఆడలేదు. నేను పోయి ఆయన మగ్గం మీద మిగిలిన పడుగులోంచి ఒక జానెడు పోగులు కోసి, పేని తెచ్చాను. తెచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాను. కళ్లకెదురుగా ఆయన అరికాళ్లు. అన్నేళ్లలో మొదటిసారి అద్దం లేకుండా చూశాను. కుడి, తర్వాత ఎడమ. వేళ్ల సందులు ఒక్కొక్కటిగా. మడమ పగులు దగ్గర ఎప్పటి గీత. మేకు దిగినచోట చిన్న మచ్చ. బొటనవేలికి వంకర గోరు. అత్త తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం చెయ్యి తిప్పి రెండు పాదాల మీద పెట్టింది.

"ఏం లేదు మామా. సాఫ్ ఉన్నయి" అన్నాను, అందరూ వింటుండగా.

దారం నా పెనిమిటి చేతికి ఇచ్చాను. రెండు బొటనవేళ్లు దగ్గరికి చేర్చి, ఆయన ముడి వేశాడు.